నీళ్ళలోంచి అడిగిన ప్రశ్న

“అయ్యగారు అడిగినప్పుడు నోట మాట రాకపోతే ఏం చేస్తావే?” అన్నాను, ఇంకా ఎవరమూ చెప్పులు కూడా వేసుకోకముందే.

మా అమ్మాయి జడ విప్పుకుంటోంది. మా ఆయన అద్దం ముందు దువ్వెన పట్టుకుని నవ్వారు.

“మీ అమ్మ సంగతి తెలిసిందే కదమ్మా. మనం మెట్లు దిగకముందే అంబులెన్సు నంబరు రాసిపెట్టుకుంటుంది.”

“మీకన్నీ వేళాకోళమే. పోయినసారి వడ్రంగికి ఏమయింది?”

“వాడికేమయింది? తల తడవలేదు, జలుబూ చెయ్యలేదు.”

నాకు నవ్వు రాలేదు. మా సంఘంలో బాప్తిస్మం తీసుకునేవాళ్ళను నీళ్ళలో నిలబెట్టి అయ్యగారు ఒకే ఒక్క మాట అడుగుతారు, ఎందుకు వచ్చావని. జవాబు ఎవరికి వారే చెప్పాలి. చెప్పలేకపోతే ముంచకుండానే పైకి పంపేస్తారు. మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. వడ్రంగి అలాగే తెల్లమొహం వేసుకుని పైకి వచ్చాడు. ఏడాదంటే మాటలా? ఈలోగా ఏ విషజ్వరమో వస్తే, ఏ లారీయో అడ్డం వస్తే, పద్నాలుగేళ్ళ పిల్ల ఎటు పోతుంది? ఈ ఆలోచనతో నెల రోజులుగా నాకు అన్నం సయించలేదు. అందుకే దాని చేత రోజూ జవాబు వల్లె వేయించాను. “నరకం తప్పించుకోవడానికి వచ్చానండీ.” పొట్టి మాట. తడబడే పని లేదు.

నరకం గురించి దానికి మొదట చెప్పింది నేనే. నేను ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. దానికి ఆరేళ్ళప్పుడు, బడి లేని ఒక రోజు, వెంట తీసుకెళ్ళాను. ముందు రోజు బిస్కెట్టు తిని తినలేదంది. దుప్పట్లు ఉడికే పెద్ద తొట్టి మూత తీసి, ఆవిరి మొహానికి కొట్టేంత దగ్గరగా ఎత్తుకుని, “అబద్ధాలాడేవాళ్ళు పోయే చోటుతో పోలిస్తే ఇది చన్నీళ్ళ కిందే లెక్క” అన్నాను. అప్పటి నుంచి అది ఒక్క అబద్ధం ఆడలేదు. దీపం ఆర్పితే పడుకోనూ లేదు. మొదటిది చూసి మురిసిపోయాను. రెండోది పిల్లల అలవాటులే అనుకున్నాను.

మా ప్రార్థన మందిరంలో బాప్తిస్మపు తొట్టి వేదిక వెనక ఉంటుంది. లోపలంతా తెల్ల పలకలు, దిగడానికి నాలుగు మెట్లు, పట్టుకోవడానికి ఇనప కమ్మీ. తల్లి తువ్వాలు పట్టుకుని కమ్మీ పక్కన నిలబడాలి. అయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. అయినా అప్పటికే నడుము లోతు నీళ్ళలోకి దిగి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఉన్నారు. మా అమ్మాయి మెట్టు మెట్టూ తడుముకుంటూ దిగింది. కాలు జారుతుందేమోనని నా ప్రాణం సగం దాంతోపాటే దిగింది.

“ఎందుకు వచ్చావమ్మా?” అని అడిగారాయన.

మా అమ్మాయి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదల్లేదు. కదిలినవి నావి. వెనక బల్లల మీద ఎవరో దగ్గారు. “నర...” అని అందించబోయాను. అయ్యగారు నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపారు.

అప్పుడది తల తిప్పి నన్ను చూసింది.

“అమ్మా, ఒకటడగనా?”

“ముందు అయ్యగారికి చెప్పవే,” అన్నాను గొంతు తగ్గించి.

“ఆయనకి చెప్పాలంటే ముందు నాకు తెలియాలిగా. నరకమే లేదనుకో. అప్పుడు కూడా నన్నిక్కడికి తీసుకొచ్చేదానివా?”

మందలిస్తారని అయ్యగారి వైపు చూశాను.

“పిల్ల అడిగింది మిమ్మల్నమ్మా,” అన్నారాయన. “నాకేం తొందర లేదు. నీళ్ళు కాస్త చల్లగా ఉన్నాయి, అంతే.”

ఎవరూ నవ్వలేదు, మా ఆయనతో సహా. నేను జవాబు వెతుక్కున్నాను. నరకాన్ని తీసేస్తే నా దగ్గర ఏం మిగులుతుంది? ఇన్నేళ్ళుగా దేవుణ్ణి జ్వరం రానీయకు, బస్సు బోల్తా పడనీయకు, నిప్పులో వెయ్యకు అనే అడిగాను. ఆఫీసులో కిటికీలోంచి దరఖాస్తు లోపలికి తోసేసినట్టు ప్రార్థన చేసి వచ్చేదాన్నే గానీ, అవతల ఎవరు కూర్చున్నారో ఒక్కసారి వంగి చూడలేదు. పరలోకమంటే నాకు నిప్పు లేని చోటు. అక్కడ ఏముంటుందో ఎప్పుడూ అనుకోలేదు.

పైకప్పు అద్దంలోంచి ఎండ నీళ్ళలోకి దిగి అడుగు పలకల దాకా వెళ్ళింది. మా అమ్మాయి చెయ్యి కమ్మీని వదిలేసింది. దాని మొహంలో బెదురు లేదు, నిజంగానే తెలుసుకోవాలని చూస్తోంది. అప్పుడు, మేమందరం కాక ఇంకొకరు వచ్చి నిలబడ్డట్టు తోచింది. కిటికీ అవతలి మనిషి లేచి బయటికి వచ్చినట్టు. నన్నేమీ అడగలేదు. నా మీద కోపంగా లేరు. నా భయాలన్నీ నాకు పేరుపేరునా తెలుసు, అప్పుడు నాలో కలిగిన ఈ భయం వాటిలో లేదు. దీని ముందు నుంచి పారిపోవాలనిపించలేదు. కాళ్ళు లాగేదాకా ఇలాగే నిలబడాలనీ, నా పిల్ల కూడా ఇక్కడే ఉండాలనీ అనిపించింది. అది తప్ప నాకు ఇంకేమీ గుర్తు రాలేదు.

అయ్యగారు కాలు మార్చుకుంటే నీళ్ళు చిన్నగా కదిలాయి. మా అమ్మాయి కళ్ళు నా మీది నుంచి కదల్లేదు.

“తీసుకొచ్చేదాన్ని,” అన్నాను. “ఇంకా ముందే తీసుకొచ్చేదాన్నమ్మా.”