ఎర్రమన్ను పూత

కుమ్మరి కొమురయ్య బిడ్డ నీల బొమ్మలు వేయడం నేర్చుకుంటానని హైదరాబాదు పోయి, కుండలు చేయడం నేర్చుకొని వచ్చింది. బాన్సువాడలో ఈ మాట విన్నవాళ్లంతా నవ్వారు. "గా పని ఇంట్లనే ఉండె గదా, అంత దూరం ఎందుకు పోయినట్టు?" అన్నారు.

కొమురయ్య మాత్రం నవ్వలేదు. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు మన్ను తొక్కుతారు, కుండలు ఎండబెడతారు, ఆవంలో పేర్చి కాలుస్తారు. కుండను తిప్పే సారె మీద మాత్రం చెయ్యి పెట్టరు. కూతురు కాలితో తన్ని తిప్పే కొత్తరకం సారె మీద పనిచేస్తుందని తెలిసినప్పటి నుంచి ఆయన ఆ ఊసే ఎత్తలేదు. వద్దనలేదు, సరేననలేదు.

ఊళ్లోనే ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరిన నీల, మూతపడ్డ రైసుమిల్లు వెనక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుంది. అక్కడ అగ్గి ఇటుకలతో బట్టీ కట్టించుకుంది. దూరం నుంచి లారీలో తెల్లమన్ను తెప్పించుకుని గిన్నెలు, కప్పులు చేసేది. తండ్రి ఆవంకన్నా ఈ బట్టీ మంట చాలా ఎక్కువ. ఆ మంటకు తెల్లమన్ను రాయిలా బిగుసుకునేది. తల్లి గంగామణి బీడీలు చుట్టడం అయ్యాక వచ్చి కాసేపు సాయం చేసి పోయేది. కొమురయ్య ఒక్కనాడూ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

1983 వానాకాలం పోయాక, నీలకు చదువు చెప్పిన టీచరమ్మ హైదరాబాదులో మట్టిపాత్రల ప్రదర్శన పెడుతూ ఆమె చేసినవి కూడా పంపమంది. అందరూ తెల్లమన్నుతోనే చేస్తారు, నేనూ అదే పంపితే నా గుర్తు ఏముంటుంది అనుకుంది నీల. మంజీర ఒడ్డున తండ్రి తవ్వి తెచ్చే ఎర్రమన్నుతో పెద్ద జాడీలు చేయాలని ఆశపడింది. పోయి అడిగింది.

"తీస్కపో," అన్నాడు కొమురయ్య. "నా ఆవంల గీ మన్ను ఎన్నడు మాట తప్పలె. నీ బట్టీల ఎట్లుంటదో మరి నాకు తెల్వది."

"నాకు గూడ తెల్వది బాపూ. చూద్దాం."

ముందు చిన్న ముక్క ఒకటి కాల్చి చూడాలని నీలకు తెలియక కాదు. ప్రదర్శన దగ్గరపడుతోంది. తొందరలో జాడీలన్నీ పై అరలో, తెల్లమన్ను గిన్నెలు కింది అరలో పేర్చి తుమ్మకట్టెలతో మంట పెట్టేసింది.

బట్టీ చల్లారాక తల్లీబిడ్డలు ఇటుకలు ఊడదీసి చూశారు. పై అరలో జాడీ అన్నది ఒక్కటీ లేదు. ఎర్రమన్నంతా బెల్లంపాకంలా కరిగి, అరల మీంచి కారి, కింది గిన్నెలకు కూడా అంటుకొని గడ్డకట్టింది. నీల అక్కడే కూలబడింది. గంగామణి ఇంటికి పోయి కొమురయ్యకు చెప్పింది.

కాసేపటికి కొమురయ్య వచ్చాడు. షెడ్డులోకి ఆయన రావడం అదే మొదలు. కరిగిన గడ్డను వేలితో తడిమి చూశాడు.

"అంగట్ల అప్పుడే అంటున్నరు, కొమురయ్య మన్ను నీళ్లైందట అని," అన్నాడు. గొంతులో కోపం లేదు, చిన్నబోయినతనం ఉంది.

"తప్పు మన్నుది కాదు బాపూ, నాది. ముందుగాల కాల్చి సూడకపోతి."

ఆయన సుత్తి తీసుకుని అరలకు అంటిన గడ్డలు కొట్టసాగాడు. నీల కూడా లేచి గిన్నెలు విడదీయసాగింది. ఒక గిన్నె చేతికి వచ్చాక ఆగిపోయింది. ఎర్రమన్ను కారిన పక్కంతా ముదురు గోధుమరంగులో నున్నగా మెరుస్తోంది. గోటితో గీకితే రాలేదు. నీళ్లు పోస్తే బొట్టు నిలవకుండా జారిపోయింది.

"బాపూ, గిది సూడు."

కొమురయ్య గిన్నెను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. "చింతగింజ తీరుగున్నదే!" అన్నాడు.

"జాడీలు తెల్లమన్నుతోనే చేద్దాం. పైన పూత మన మన్నుది పెడదాం."

"మన్ను మీద మన్నా?" అన్నాడే గానీ, తెల్లారేసరికి గోలెం నిండా ఎర్రమన్ను కలిపి పెట్టాడు. ఇసుక అడుక్కు దిగాక పైన తేరిన మీగడలాంటి మన్నును పాత ధోతిలో వడగట్టాడు. ఈసారి చిన్న ముక్కల మీద పూసి కాల్చి చూశారు. పల్చగా పూస్తే గరుకుగా వచ్చింది, మందంగా పూస్తే కారింది. నడిమి పాకం దొరికేదాకా ఇద్దరూ కాలుస్తూనే ఉన్నారు.

ఒకనాడు నీల బడి నుంచి షెడ్డుకు వచ్చేసరికి కొమురయ్య ఆమె సారె ముందు కూర్చుని ఉన్నాడు. ముద్ద పక్కకు ఒరిగి, మోచేతుల దాకా మన్ను అంటి ఉంది.

"ఏందే నీ సారె, నేను ఎడ్డెమంటే తెడ్డెమంటది!"

"నీది తిరిగే దిక్కు వేరు బాపూ. ఉండు, ఎదురు తంత."

ఆమె కాలితో రెండో దిక్కుకు తన్నింది. అప్పుడు ముద్ద ఆయన మాట విన్నది. ఆయన ఒక జాడీ నిలబెట్టి, చేతులు కడుక్కోకుండానే పక్కకు జరిగి పీట చూపించాడు.

"కూసో. నువ్వు చెయ్యి, నేను చూస్త."

నీల కూర్చుంది. తండ్రి ఎదుట చేయడం అదే మొదటిసారి. ముద్దను నడుమకు తెచ్చి అంచు లేపసాగింది. ఆయన వంగి చూస్తూ, "అంచు కాడ జర నెమ్మదిగ," అన్నాడంతే.

జాడీలను వరిగడ్డిలో చుట్టి హైదరాబాదు తీసుకుపోయారు. కొమురయ్య రానన్నాడు. గంగామణి వెళ్లింది. ప్రదర్శనలో ఒక పెద్దమనిషి ఆకారాలు పాతకాలంవని పెదవి విరిచాడు. టీచరమ్మ మాత్రం పూత మీద వేలు రాసి, ఏం కలిపావని అడిగింది.

"ఏం కలపలే," అని నీలకన్నా ముందే గంగామణి చెప్పింది. "మా ఇంటాయన తెచ్చిన మన్నే."

రెండు జాడీలు అమ్ముడుపోయాయి. మూతి దగ్గర పెచ్చు లేచిన ఒక జాడీ తిరిగి వచ్చింది. గంగామణి దాన్ని ఉసిరికాయ తొక్కు పెట్టడానికి కడిగి ఆరబెట్టింది. కొమురయ్య ఆ జాడీని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"గట్టిగనే ఉన్నది," అన్నాడు. "ఎండకాలం మంజీర తగ్గినంక ఇంకిన్ని తవ్వుకొద్దాం."