ఖాళీ జాగా కాదు

బెల్లంకొండ అవతల మా బీడుకు ముళ్ళకంచె వేసిన రోజు నేనక్కడే ఉన్నాను. బీడు నడుమ పాతిన కట్టెను జేసీబీ పీకి పారేసింది. కట్టెకు చుట్టిన గొంగడి ముక్క మట్టిలో కలిసిపోయింది.

ఆ గొంగడి ముక్క మా కట్టుబాటు. తొలకరి పడగానే కడతాం. గడ్డి కంకి వేసి గింజ రాలాకే విప్పుతాం. అప్పటిదాకా ఎంత ఆకలైనా ఒక్క గొర్రె లోపలికి పోదు. అందుకే ఆ గడ్డి తాతల నాటినుంచి బతికింది.

ఊళ్ళో సగం పొలం శేషగిరిదే. నిరుడు గొంగడి కట్టిన నెలల్లోనే ఫొటోలు తీయించి, ఎవరూ మేపని ఖాళీ జాగా అని ఆఫీసర్లకు చూపించి, పశువుల ఫారానికి లీజు కొట్టేశాడు. వందల జెర్సీ ఆవులు దిగాయి. ఒక పక్క గడ్డిని మొదళ్ళదాకా మేసేశాయి. మిగతాది దున్ని సంకర గడ్డి నాటుతాడట.

గొర్రెల దొడ్లో మీటింగు పెట్టాం.

"మేపితేనే మనదంటన్నారు గదా. కంచె నరికి మందలు తోలుదాం!" మేకల రసూల్ లేచి అరిచాడు.

"కంకి పాలుపోసుకుంటంది. మన మందలే తొక్కి చంపితే ఇంక దేనికిరా కొట్లాట?" అంది రామాయమ్మ. కాపరుల్లో అందరికన్నా పెద్దది.

"నీ కట్టుబాటే మన కొంప ముంచింది పెద్దమ్మా!"

"ముంచిందిరా, కాదన్ను. అయినా తోలను. మనమే పోయి ట్రాక్టరుకు అడ్డం కూకుందాం."

కూర్చున్నాం. పోలీసులొచ్చారు.

"ఖాళీ జాగాలో మీకేం పనే?" అన్నాడు ఎస్సై.

"ఖాళీ ఏంది సారూ? నోరు కట్టుకుని కాపాడుకున్నాం!" అంది రామాయమ్మ.

అందరినీ వ్యానెక్కించారు. మేం చూస్తుండగానే దున్నేశారు. నాకు ఏడుపు ఆగలేదు.

నరసరావుపేట కోర్టులో బెయిలొచ్చింది. లీజు మీద మేం వేసిన కేసు తేలేసరికి ఏళ్ళు పడుతుందన్నాడు వకీలు. అప్పటికి ఆ గడ్డి వేరు కూడా మిగలదు. మేత లేక సగం మందలు కబేళాకు పోయాయి. గెలుస్తామని నేను మీకు అబద్ధం చెప్పను.

గొంగడి విప్పాల్సిన రోజు వచ్చింది. ఎవరూ పిలవలేదు. చుట్టుపక్కల ఊళ్ళ కాపరులంతా మిగిలిన జీవాలను తోలుకొచ్చి కంచె పొడుగునా నిలబడ్డారు. రసూల్ రామాయమ్మ పక్కనే నిలబడ్డాడు.

శేషగిరి కారు దిగాడు. వెనకే పోలీసు జీపు.

"ఏం చూద్దామని వచ్చారే? ఒక్క పరక రాదు మీకు."

"తెలుసయ్యా," అంది రామాయమ్మ. "ఫొటో తీయించుకో. ఈసారి అందులో మేమందరం పడాల."