ల్యాబు బల్లకు అవతలివైపు

దయ్యాలున్నాయంటే ఈ అరబ్బు దేశంలో మేం వెళ్ళే తెలుగు క్రైస్తవ ఫెలోషిప్పులో ఊరుకోరు. నేనూ నమ్మను. కానీ మూడేళ్ళుగా బయాలజీ పుస్తకం తెరిచినప్పుడల్లా "రాయవే, చూస్తావేంటి" అని చనిపోయిన మా అన్నయ్య గొంతు వినబడుతోంది. దానికి నేనేం చెయ్యను?

నతానియేలూ నేనూ కవలలం. పదకొండు నిమిషాలు ముందు పుట్టినందుకే ఉన్నన్నాళ్ళూ నాచేత అన్నయ్య అనిపించుకున్నాడు. రిఫాలో మా స్కూల్లో ఇద్దరం కాలేజీ స్థాయి బయాలజీ తీసుకున్నాం. ఆ పరీక్షలో మంచి గ్రేడు వస్తే క్రెడిట్లు ఇస్తారు, డిగ్రీలో ఆ కోర్సు మళ్ళీ చదవక్కర్లేదు. ల్యాబులో మాదొక ఒప్పందం. నాకు బ్లేడంటే వణుకు కాబట్టి కప్పల్ని వాడు కోస్తాడు. వాడి రాత కోడి కెలికినట్టుంటుంది కాబట్టి రికార్డులు రెండూ నేను రాస్తాను. ఏడాదంతా అలాగే గడిపేశాం.

పరీక్ష రాసిన పదో రోజున వాడు స్నేహితులతో గలాలీ వైపు సముద్రంలో ఈతకెళ్ళి మునిగిపోయాడు. జులైలో ఫలితాలొచ్చాయి. ఇద్దరికీ ఒకటే గ్రేడు. నా క్రెడిట్లు యూనివర్సిటీ తీసుకుంది. వాడివి అడిగేవాళ్ళే లేరు. అప్పట్నుంచి నాన్న ఇంట్లో వాడి పేరెత్తలేదు, అమ్మనీ నన్నూ ఎత్తనివ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

క్రెడిట్ల పుణ్యమా అని డిగ్రీ మూడేళ్ళకే అయిపోయింది. మా నాన్న ఎలియేజరు జుఫైర్‌లో ఒక హోటల్లో ఏసీలు బాగుచేస్తారు. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం ఆరాధనలో లేచి నిలబడి, దేవుడు చేసిన మేలు ఇదీ అని సాక్ష్యం చెప్పేశారు. "దేవుడు మా అమ్మాయి దీవెనకి ఒక ఏడాది మిగిల్చాడు. సెప్టెంబరులో మెడికల్ కాలేజీలో చేరుతుంది." అందరూ స్తోత్రం అన్నారు. సీటు చేతికి రాకముందే సాక్ష్యం చెప్పడం మావాళ్ళకే చెల్లింది.

వారం తిరక్కుండా కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. స్కూల్లో సంపాదించిన క్రెడిట్లు మాకు చాలవు, ల్యాబుతో సహా బయాలజీ ఒక ఏడాది చదివి రావాలి అన్నారు. లేదంటే ల్యాబు పనంతా నేనే స్వయంగా చేశానని స్కూలు రాసివ్వాలట.

బయాలజీ సారు శ్రీనివాసరాజు గారు మంచివారు. నాన్న అడగ్గానే కాగితం రాసి సంతకం పెట్టేశారు. 'కోతలన్నీ దీవెన తన చేతులతోనే చేసింది' అని ఉంది అందులో. ఆ కాగితం ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అన్నయ్య గొంతు ఆగిపోయింది. అదింకా భయంగా ఉంది. వాడు ల్యాబు బల్లకు అవతలివైపు కూర్చుని, తన చేతులు తనకిచ్చెయ్యమని చూస్తున్నట్టుండేది. అన్నం కలుపుకుంటూ నా వేళ్ళ వంక చూడబుద్ధయ్యేది కాదు.

కాగితం పంపడానికి రెండు రోజులే గడువుందనగా మళ్ళీ శుక్రవారం వచ్చింది. "నువ్వే చెప్పమ్మా" అని నాన్న సాక్ష్యానికి నన్ను నిలబెట్టారు.

"ఆ కాగితంలో ఉన్నది అబద్ధం" అన్నాను. "కప్పల్ని కోసింది మా అన్నయ్య నతానియేలు. నేను ఒక్కసారి కూడా బ్లేడు పట్టలేదు. కాగితం పంపను. బయాలజీ మళ్ళీ చదువుకుంటాను."

ఎవరూ స్తోత్రం అనలేదు. అమ్మ చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

ముగ్గురం కార్లో ఇంటికి బయల్దేరాం. రిఫా సిగ్నల్ దగ్గర బండి ఆగింది. నాన్న తిడతారనుకుని కాచుకుని ఉన్నాను.

"వాడికి చెయ్యి వణికేది కాదా?" అన్నారు.

"లేదు నాన్నా."

"ఏ చేత్తో కోసేవాడు?"

ఎడమ చేత్తో అన్నం తింటున్నాడని చిన్నప్పుడు వాణ్ణి గరిటె కాల్చి వాత పెట్టిన మనిషాయన.

"ఎడమ చేత్తోనే."

సిగ్నల్ పచ్చబడింది. వెనక హారన్లు మోగుతున్నాయి. నాన్న బండి కదపలేదు. స్టీరింగు మీద తల వాల్చేసి, "నతానియేలూ, నతానియేలూ" అని వాణ్ణి పిలుస్తూనే ఉన్నారు.