యజమాని ఇప్పుడే వస్తాడు

మా బావ పన్ను ఊడగొట్టింది నేనే. ఎవరో చెప్పగా వినడం కంటే నా నోటి వెంట వింటే మంచిదని ముందే చెప్పేస్తున్నాను. కొట్టినందుకు ఇవాళ్టికీ బాధ లేదు. నా బాధ వేరే.

నేనూ తమ్ముడూ కలిసి యానిమేలకు సబ్‌టైటిల్స్ చేసేవాళ్ళం. అడిగినవాడు లేడు, అనుమతి ఇచ్చినవాడూ లేడు. జపాన్ బొమ్మల సీరియల్ ఏదైనా నచ్చితే నేను మన భాషలో మాటలు రాసేవాణ్ణి. తమ్ముడు వాటిని పాత్ర పెదవి కదిలే క్షణానికి సరిగ్గా కూర్చేవాడు. వాక్యం అరసెకను ముందొస్తే చచ్చేవాడి చావు ముందే తెలిసిపోతుందని వాడి గోల. అందుకే వాడికి గడియారం అని పేరు పెట్టాం. మనిషి మాత్రం సినిమాకు రమ్మంటే ఇంటర్వెల్‌కు వచ్చే రకం.

ఈ పని చేసేవాళ్ళలో మాకొక అలవాటు ఉండేది. బొమ్మలో వెనకాల ఎక్కడో పిచ్చి గీతలతో ఒక బోర్డు ఉంటుంది. గీసినవాడే అక్కడ ఏమీ రాసి ఉండడు. దాని మీద మేము సొంతంగా ఒక మాట పెట్టేవాళ్ళం. ఎవరైనా మా పని ఎత్తుకుపోతే ఆ మాటే వాణ్ణి పట్టిస్తుంది. ఒంటిచేతి కత్తిపిల్ల కథ ఏడో ఎపిసోడ్‌లో, ఆ పిల్ల వానలో నలుగురిని నరికే వీధిలో, తమ్ముడు ఒక దుకాణానికి బోర్డు పెట్టాడు: ‘గడియారాల రిపేరు. యజమాని ఇప్పుడే వస్తాడు.’ తెర మీద మూడు సెకన్లు ఉంటుంది. ఆ మర్నాడు వాడు లారీ కింద పడి చనిపోయాడు. వాడు రాసిన ఆఖరి మాట అదే.

ఏడాది తిరిగేసరికి ఆ సీరియల్ హక్కులు ఒక కంపెనీ కొన్నది. అక్కడ సబ్‌టైటిల్స్ చేసేది మా అక్క మొగుడే. మేం పెట్టుకున్న సైటులోంచి మావి తీసెయ్యమని నోటీసు వచ్చింది. భోజనాల దగ్గర బావ నీతులు మొదలుపెట్టాడు.

“పర్మిషన్ లేకుండా చేస్తే దొంగతనమే బామ్మర్దీ. గీసినోళ్ళకి నాలుగు రాళ్ళు ముట్టేది మా దాంట్లోంచే.”

“మీరు కొనకముందు ఆ బొమ్మని పట్టించుకున్నదెవరు బావా? జనాన్ని తెచ్చింది మేము.”

“తోట బాగుందని పదిమందికి చెప్తే కాయలు నీవైపోతాయా?”

 మాటల్లో ఓడితే నాకు చెయ్యి లేస్తుంది. ఆ రోజు బావ మీద లేవలేదు. సైటు మూసేసి, మా పనంతా దాచుకున్న హార్డ్ డిస్కును అక్కావాళ్ళ గుమ్మం మెట్టు మీదే పెట్టి సుత్తితో పిండి చేశాను. “ఇక దొంగ సరుకు లేదు, చాలా?” అని అరిచాను. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అంటారే, అచ్చం అదే.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాను. వంటింట్లో పాలు పొంగిపోతుంటే అక్క ఫోనులో తల దూర్చి నిలబడి ఉంది. కంపెనీవాళ్ళ యాప్. వాన, వీధి, తెగిపడిన చెయ్యి. వెనకాల దుకాణం. దాని మీద తమ్ముడి మాట, అక్షరం పొల్లుపోకుండా.

నా ఒళ్ళు మండిపోయింది. నన్ను దొంగ అన్నవాడు, చచ్చిపోయిన నా తమ్ముడి జేబు కొట్టాడు.

అక్క నా చొక్కా పట్టుకుంది. “వద్దురా, వెళ్ళకు. ముందు నేను చెప్పేది విను.”

వినలేదు. రెండు గుండీలు ఆమె చేతిలోనే ఉండిపోయాయి.

తిన్నగా కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. బావ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను వచ్చిన చప్పుడు కూడా వినలేదు. జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టాను. కీబోర్డు మీద రక్తం పడింది. రెండో దెబ్బకు పన్ను ఊడి టీ కప్పులో పడింది. చుట్టుపక్కలవాళ్ళు కేకలు పెట్టారు. బావ ఏం తక్కువ తిన్నాడా, లేస్తూనే మోకాలితో పొత్తికడుపులో పొడిచి, నా కుడిచెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. రెండు వేళ్ళు విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఎడమచేత్తో పీక పట్టుకున్నాను.

“పన్నెండు ఎపిసోడ్లకి నాలుగు రోజులిచ్చార్రా!” నెత్తురు ఉమ్ముతూ అరిచాడు. “ఏం చెయ్యమంటావు? మీ సైటు మూసేముందు తీసుకున్న ఫైళ్ళనే మావిగా మార్చి దించేశా!”

“వాడి బోర్డుతో సహానా?”

“ఏ బోర్డు?”

బావకు తెలియనే తెలియదు. చచ్చిపోయిన బామ్మర్ది ఆఖరి మాటను చదవకుండానే దించేశాడు. ఇంకో రెండు తగిలించాను.

అప్పటికి మేనేజర్ మేడమ్ వచ్చింది. “ఏ బోర్డు? ఏంటి మీ గొడవ?”

అందరి ముందూ బయటపెట్టేయాలని నా ఉబలాటం. “ఏడో ఎపిసోడు, పద్నాలుగో నిమిషం, ఇరవయ్యో సెకను! బొమ్మలో అసలు లేని రాత! మా తమ్ముడు పెట్టింది! మీరే దొంగలు, ఇదే సాక్ష్యం!”

ఆవిడ బావ కుర్చీలో కూర్చుంది. కీబోర్డు మీది రక్తాన్ని టిష్యూతో తుడిచి, నేను చెప్పిన సెకను దగ్గరికి వెళ్ళి రెండు మీటలు నొక్కింది. తెరను నావైపు తిప్పింది. వాన పడుతోంది. దుకాణం మీద తమ్ముడి మాట మాయమై, ఉత్త గీతలే మిగిలాయి.

“ఏ రాత?” అంది.

సెక్యూరిటీవాళ్ళు నన్ను మెట్ల మీంచి తోసేశారు.

విరిగిన వేళ్ళతో అక్క దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. మొగుడి పన్ను గురించి అడగలేదు. ఫోను తీసి ఆ వీధి దాకా జరిపింది. మళ్ళీ వెనక్కి జరిపి చూసింది. మళ్ళీ చూసింది. ఉత్త గీతలే.

“నెలన్నర నుంచి రోజూ చూసుకుంటున్నాన్రా,” అంది. “స్క్రీన్‌షాట్ తీద్దామంటే ఆ యాప్‌లో నల్లగా పడుతుంది. మీ బావ దొంగని నాకు తెలీదా? వాడి బోర్డు అక్కడ ఉందని నోరు మూసుకున్నా. డిస్కు నువ్వే పగలగొట్టావు. ఇదీ నువ్వే...”

మాట పూర్తికాకుండానే చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఊపిరి అందక ఆగేదాకా కొడుతూనే ఉంది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

మా సబ్‌టైటిల్స్ చూసినవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగాను. ఆ ఏడో ఎపిసోడ్ ఎవరి దగ్గరా లేదు. ఎక్కడ చెరపాలో నిమిషం, సెకనుతో సహా కంపెనీవాళ్ళకు చెప్పింది నేనే.