ఎరుపు తెలుపు రాళ్ల అవతల

సమావా ఎడారిలో నాకంటే పెద్ద అబద్ధాలకోరు పుట్టలేదు. ఒంటె లారీని మింగి టైర్లు ఉమ్మేసిన కథ మా గుడారాల్లో మొట్టమొదట చెప్పింది నేనే. నన్ను పట్టేసేది మాత్రం తొమ్మిదేళ్ల మనవరాలు నౌఫా. బడివాళ్లు దానికి టాబ్లెట్ ఇచ్చారు. అందులో పిల్లల కోసమే తయారైన సెర్చ్ ఉంది. ఏది అడిగినా ఓ కుందేలు బొమ్మ చెవులాడించి జవాబు తెస్తుంది.

"తాతా, ఒంటె గొంతులో పుచ్చకాయ కూడా పట్టదట. కుందేలు చెప్పింది."

"ఆ కుందేలు ఎన్ని ఒంటెల్ని మేపిందే?"

ఆ ఏడు ఉరుములు బాగా ఉరిమాయి. ఉరిమిన ఏడు మా ఇసుకలో కమా తెగ ఊరుతుంది. నేల లోపలే గుండ్రంగా పెరిగే పుట్టగొడుగు అది. నేల ఉబ్బి నెర్రె విచ్చిన చోట కట్టెతో గుచ్చి తీయాలి. ఎవడి చోటు వాడు దాచుకుంటాడు. అడిగితే అటు తేళ్లున్నాయనీ, దయ్యాలున్నాయనీ బెదరగొడతాడు. అది మాలో తప్పు కాదు.

వాగు అవతల ఎరుపు తెలుపు రంగేసిన రాళ్ల వరస ఉంది. బాంబులు ఏరేవాళ్లు పెట్టారు. తెలుపు వైపు నేల శుభ్రం. ఎరుపు వైపు పాత యుద్ధం ఇంకా పడుకునే ఉంది.

"అటు వెళ్లకే. నేలలో బాంబులున్నాయి."

"నీ కమా చోటు దాచుకోడానికేగా?"

"నిజమే తల్లీ, ఒట్టు."

"ఒంటె మీద ఒట్టా, లారీ మీదా?"

"పోనీ, నీ కుందేల్నే అడుగు."

నా ముందే అడిగింది. 'నేలలో బాంబు' అని కొడితే కుందేలు కళ్లు మూసుకుంది. 'ఈ మాట పిల్లలకు తగదు. మంచి మాట అడుగు' అంది. 'ఎరుపు తెలుపు రాళ్లు' అని కొట్టింది. తోటలో కూర్చుని రాళ్లకు రంగులేస్తూ నవ్వే పిల్లలు వచ్చారు.

"చూశావా? బాంబుల్లేవు. పూలున్నాయి."

మర్నాడు తెల్లవారగానే బుట్ట పట్టుకుని పోయింది. నేను గొర్రెల దగ్గరున్నాను. ఉరుము వినిపించింది. తలెత్తితే ఒక్క మబ్బు లేదు.

రాళ్ల దాకా పరుగెత్తాను. అవతల ఇసుకలో పడి ఉంది. "తాతా, నా అడుగుల మీదే రా" అని అరిచింది. దాని అడుగులు చిన్నవి, నా పాదాలు పెద్దవి. మునివేళ్ల మీద వెళ్లి, మునివేళ్ల మీదే మోసుకొచ్చాను. ఎడమ కాలు మోకాలి కింద నుంచి అక్కడే ఉండిపోయింది.

ఆసుపత్రికి టీచరమ్మ వచ్చింది. కంటతడి పెట్టుకుంది. "ఆ సెర్చ్ చాలా మంచిది హాజీ. ఒక్క చెడ్డ మాట కూడా పిల్లల కంటపడనివ్వదు," అంది.

"అవునమ్మా. పడనివ్వలేదు," అన్నాను.

మంచం మీంచి నౌఫా మెల్లగా అంది: "టీచర్, క్లాసులో అందరికీ ఆ రాళ్ల సంగతి మీరే చెప్పండి. వాళ్లూ కుందేల్నే అడుగుతారు."

టీచరమ్మ దాని తల నిమిరింది. చెబుతానంది. పై నుంచి అనుమతి రాగానే.