బుట్టపేరు చెల్లని గేటు

మా చచ్చినవాళ్లకు కాగితాల మీద పేర్లు పెట్టింది మీరు. సంతలో పశువుకు పెట్టినట్టు నోటికొచ్చింది పెట్టారు. ఇవాళ ఆ పేర్లు అప్పజెబితేనే గేటు తీస్తామంటున్నదీ మీరే. గోల్ఫు ఆడే దొరలారా, వాళ్ల కొమ్ము కాసే వకీళ్లారా, ఆల్థియా సంగతి వినండి. విని మొహం తిప్పుకోకండి.

సౌత్ కరోలినా తీరాన, ఉప్పు కయ్యలకవతల ఉన్న మా దీవిలో ఆల్థియా తల్లి లువీనియా మొన్న సోమవారం కన్నుమూసింది. ఆమె కోరింది ఒక్కటే. తనను కూటా పక్కన పడుకోబెట్టాలి. కూటా అంటే మా మాటలో తాబేలు. ఆమె లువీనియాకు ముత్తవ్వ. బానిసగా పుట్టి, విడుదలయ్యాక అదే దీవిలో బతికి, ఒడ్డునున్న ఓక్ చెట్ల కింద మట్టయింది. సమాధికి రాయి లేదు. గుల్లలున్నాయి, ఆమె ఆఖరిసారి తాగిన కప్పు పగలగొట్టి పెట్టిన పెంకులున్నాయి. ఆ నేల ఇప్పుడు రిసార్టు గేటుకు లోపల ఉంది.

మా దీవిలో బిడ్డను బుట్టలో పడుకోబెట్టిన నాడే ఒక పేరు పెడతారు. అది బుట్టపేరు. ఇంట్లో, వీధిలో, చర్చిలో అదే చెల్లుతుంది. కాగితం పేరు పైకి తియ్యరు. చావు కాగితం పేరు పట్టుకుని వస్తుందని, అలాంటి వాళ్లెవరూ ఇక్కడ లేరని చెప్పి పంపెయ్యొచ్చని పెద్దల నమ్మకం. చావు మోసపోయిందో లేదో గానీ, మునిమనవరాళ్లు నిలువునా మోసపోయారు.

ఎందుకంటే, ఆ నేల పాత యజమాని పోతూ పోతూ శ్మశానం మటుకు ముగ్గురు ఆడవాళ్లకూ వాళ్ల సంతానానికీ చెందాలని వీలునామా రాశాడు. బైనా, ఫీబీ, డయానా. కూటా ఆ ముగ్గురిలో ఒకతె. దీవిలో ఈ సంగతి ఎరగని వాళ్లు లేరు. ఆ ముగ్గురిలో కూటా ఎవరో చెప్పగలవాళ్లూ లేరు. రిసార్టు ఆఫీసులో ఉన్నావిడ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మీరు ముగ్గురిలో ఎవరి సంతానమో తరం తరానికీ రుజువు తెమ్మంది. ఆల్థియా కూటా పేరు చెబితే, అది ముద్దుపేరు కదండీ అని నవ్వింది.

తల్లి మంచం పట్టినప్పటి నుంచీ ఆల్థియా పాత రికార్డుల గదుల చుట్టూ తిరుగుతూనే ఉంది. తల్లి దొరికింది. అమ్మమ్మ ఎల్లా దొరికింది. ఎల్లా తల్లిని అందరూ సుక్కీ అనేవాళ్లు. అదీ బుట్టపేరే. అక్కడ గోడ తగిలింది. ఇంకా వెనక్కి, బానిసల లెక్కల్లోకి వెళ్తే, ఆడది, నలుపు, వయసు ఇంత. పేరుండాల్సిన చోట యజమాని పేరుంది. వరసగా అట్లాంటి ఆడవాళ్లే. అందులో ఎవరు తనవాళ్లో తెలియక ఆల్థియా ఆ వరసనంతా వేలితో తడిమి, లేచి వచ్చేసింది.

ఇక మిగిలింది జెనీవా. లువీనియాకు అక్క వరస, తొంభై దాటిన మనిషి.

"పెద్దమ్మా, కూటా అసలు పేరేంటే?"

జెనీవా బెండకాయలు తరుగుతూ తలెత్తలేదు. "కూటానే."

"అది కాదే. కాగితంలో పేరు."

"అసలు పేరడిగావు, చెప్పాను. రెండోది దొర కేకేసుకోడానికి పెట్టుకున్నది. దొర కేకని మేమెందుకు దాచుకుంటామే?"

అని నవ్వబోయి, ఆల్థియా మొహం చూసి ఆగిపోయింది. పోనీ కూటానే బైనా అని బైబిలు మీద ఒట్టేస్తాను పద, ఈ వయసులో జైల్లో పెడితే కూడు దండగ వాళ్లకే అంది. ఒట్లు అక్కర్లేదంటున్నారనీ, కాగితమే కావాలంటున్నారనీ ఆల్థియా చెప్పింది. ముసలామె కత్తి కింద పెట్టేసింది.

శనివారం శవపేటిక బండి గేటు ముందు ఆగింది. కాపలా ఉన్నది బిడ్డీ. చిన్నప్పుడు వీళ్లింట్లో టమాటాలేసి వండిన ఎర్రన్నం తిని పెరిగినవాడు.

"గేటు తియ్యిరా బిడ్డీ."

"అక్కా, పైనుంచి మాట రాలేదు. నా ఉద్యోగం పోతుంది."

ఆల్థియా వాడి చొక్కా మీద బిళ్ల చూసింది. లెమ్యూల్ అని ఉంది. పుట్టిన నాటి నుంచీ ఎరిగినవాడి పేరు ఆమె చదవడం అదే మొదటిసారి.

"ఇదెవరి పేరురా?"

"నాదే." వాడు బిళ్ల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మా అమ్మమ్మా లోపలే ఉందక్కా. డ్యూటీ దిగితే నన్నూ రానివ్వరు."

వెనక కారు హారన్ కొట్టింది. అందులో గోల్ఫు కర్రలున్నాయి. బండి పక్కకు తీస్తేగానీ ఆ కారుకు దారి లేదు. తీశారు. కారుకు గేటు తెరుచుకుంది, లోపలికి పోయింది, మళ్లీ మూసుకుంది. తెరుచుకున్న ఆ కాసేపట్లో ఆల్థియాకు ఓక్ చెట్లు కనపడ్డాయి. బండి వచ్చిన దారినే తిరిగిపోయింది.

లువీనియా ఇంకా ఊళ్లో శవాలుంచే చల్లగదిలోనే ఉంది. ఇంక రుజువులు మమ్మల్నడగొద్దు. బానిసల లెక్కల్లో పేర్లు రాయాల్సిన చోట రాయనిది మీరు. ఆ ఖాళీని నింపే పని మా మెడకు చుట్టకండి. వీలునామాలో ఆ మూడు పేర్ల పక్కన కూటా అని రాయండి. రాయడం తర్వాత చూద్దురు గానీ, ముందు ఆ గేటు తియ్యండి. బిడ్డీ చేత్తోనే తీయించండి. ఇవాళే తియ్యండి.