వాలైకి కొత్త పేరు

మా డలూత్ రక్తనిధిలో సర్వర్లన్నిటికీ చేపల పేర్లే. పెట్టింది వాటిని చూసుకునే నేనే. రక్తం లెక్కలన్నీ మోసే పెద్ద సర్వర్‌కి మా సరస్సుల్లో దొరికే వాలై చేప పేరు. కొత్త డైరెక్టర్ ప్రెస్కాట్‌కి అది నామోషీ అనిపించింది. బోర్డు సభ్యులు వస్తున్నారట, చేపల పేర్లు చూస్తే నవ్విపోతారట. నాతో మాటమాత్రం చెప్పకుండా పొద్దున్నే వచ్చి, అక్షరాలూ అంకెలూ కలిపిన నోరు తిరగని పేరొకటి దానికి తగిలించాడు. ఏదో సెమినార్లో నేర్చుకొచ్చిన ఘనవిద్య!

కాసేపటికి హిబ్బింగ్ ఆసుపత్రి నుంచి నర్సు రూత్ ఫోన్ చేసింది.

"లొరేన్, మా దగ్గరున్న ఐనో అనే పెద్దాయనకి సరిపడే రక్తం దొరికిందన్నావు కదా, నా తెరమీద లేదేంటి? ఆపరేషన్ ఆపేసి మినియాపొలిస్ పంపేద్దామంటున్నాడు డాక్టరు. ఆ మనిషి అంత దూరం తట్టుకోలేడే!"

రక్తం సంచి మా ఫ్రిజ్‌లోనే ఉంది. కానీ ఆసుపత్రి తెరమీద కనబడనిదాన్ని పంపడానికి నిబంధనలు ఒప్పుకోవు. మా సర్వర్ నుంచి వాళ్లకు వెళ్లే లెక్కల నకలు పొద్దున్నే ఆగిపోయింది. ఎందుకాగిందో ఊహించడానికి నాకు పెద్దగా సమయం పట్టలేదు.

ప్రెస్కాట్ బోర్డువాళ్ల కోసం పళ్లెంలో నిమ్మకాయ బార్లనే తీపి ముక్కలు సర్దుతున్నాడు. వెళ్లి సంగతి చెప్పాను.

"గోడమీద నా తెర బ్రహ్మాండంగా ఉంది. పేరు మార్చాను, మెషీన్ ఆపి మళ్లీ పెట్టాను. ఇంకేం చెయ్యాలి?" అన్నాడు.

ఆయన ఎదురుగానే కీబోర్డు మీద సర్వర్‌ని దాని పేరడిగాను. వాలై అని జవాబిచ్చింది.

"చూశారా? గుమ్మానికి బోర్డు మార్చారు గానీ ఇంట్లో మనిషికి చెప్పలేదు. అది ఇంకా పాత పేరే చెప్పుకుంటోంది. ఆ పేరుతో ఇక్కడ మెషీనే లేదాయె, నకలెలా వెళ్తుంది?"

"అయితే చెప్పెయ్."

"చెప్పాక సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి."

"ఇప్పుడా? వాళ్లు కోట్లు విప్పుతున్నారు! గోడమీద తెర ఖాళీ అయితే నా పరువేం కావాలి? మధ్యాహ్నం చూద్దాంలే."

పరువట! అక్కడ ముసలాయన ప్రాణం మంచం మీద ఊగిసలాడుతుంటే ఈయనకి బార్లూ పరువూనూ. నా ఒళ్లు మండిపోయింది. పాత పేరు తీసేసి, కొత్తది ఎక్కించి, సర్వర్ ఆపేశాను. బోర్డువాళ్లు లోపలికి అడుగుపెట్టేసరికి గోడమీద తెర నల్లగా ఉంది. ప్రెస్కాట్ పళ్లెం పట్టుకుని తెరకి అడ్డంగా నిలబడ్డాడు.

సర్వర్ లేచింది. ఆగిన నకలు కదిలింది.

"కనబడిందే తల్లీ, పంపెయ్!" అని రూత్ ఫోన్లో అరిచింది. బయట మంచులో బండి సిద్ధంగానే ఉంది. సంచి ఎక్కించగానే అది హిబ్బింగ్ దారి పట్టింది.

బోర్డు అధ్యక్షురాలు హల్వర్సన్ కోటు మీది మంచు దులుపుకుంటూ, "ఇందాక తెర నల్లబడిందే, ఆగిన సర్వర్ ఏదండీ?" అని అడిగింది.

ప్రెస్కాట్ నోరు తెరిచాడు. తాను పొద్దున పెట్టిన పేరు రాసుకున్న చీటీ కోసం జేబులు తడుముకున్నాడు. నావైపు చూశాడు. నేను నిమ్మకాయ బారు నములుతున్నాను.

"వాలై" అన్నాడు.